నిమ్మరసం తాగితే దిగిపోతుందా, తాతయ్యా?

పిల్లలూ,

మొన్న ఆదివారం మా మనవడు గుంటూరు హాస్టల్ నుంచి ఫోన్ చేశాడు. మెస్‌లో కూరల సంగతి, రూమ్మేట్ గురక సంగతి అయ్యాక, "తాతయ్యా, బీరు తాగినా నిమ్మరసం తాగితే దిగిపోతుందట, నిజమేనా?" అన్నాడు. ఫ్రెషర్స్ పార్టీ దగ్గర పడిందట, సీనియర్ ఒకడు చెప్పాడట. వాడు అడిగినందుకు నాకు చాలా సంతోషమేసింది. ఈ ఏడు కాలేజీల్లో చేరినవాళ్లు మన ఇళ్లలో చాలామందే ఉన్నారు కాబట్టి, వాడికి చెప్పిందే మీ అందరికీ రాస్తున్నాను.

దిగదు. నిమ్మరసం, మజ్జిగ, బ్లాక్ కాఫీ, చన్నీళ్ల స్నానం, ఏదీ దింపదు. కాఫీ తాగితే నిద్ర మబ్బు కాస్త వదులుతుంది, అంతే. రక్తంలో ఉన్నది రక్తంలోనే ఉంటుంది.

మాది దుగ్గిరాల దగ్గర పల్లె. కృష్ణ కాలువ నీళ్లు పిల్లకాలువలోంచి బోదెలోకి, బోదెలోంచి మా చేలోకి వచ్చేవి. చేను పల్లం వైపు గట్టులో ఒక చిన్న సిమెంటు తూము ఉండేది. చేలో ఎక్కువైన నీళ్లు దాని గుండానే మురుగు కాలువలోకి పోవాలి. ఒక కార్తీకంలో వాయుగుండం పట్టి రాత్రంతా వాన కురిసింది. నాన్న లాంతరు పట్టుకుని బయల్దేరితే నేనూ తమ్ముడూ గోనెపట్టాలు కప్పుకుని వెంటపడ్డాం. చేను చెరువైపోయింది. తూములోంచి నీళ్లు సుడి తిరుగుతూ పోతున్నాయి. తమ్ముడు ఆగలేక సత్తు గిన్నెతో తోడి గట్టు అవతల పోయడం మొదలుపెట్టాడు. నాన్న వాడి చేతిలో గిన్నె తీసుకుని, "తూము ఎంత లాగితే అంతేరా, తెల్లారేదాకా ఆగాల్సిందే" అన్నాడు. ఆయన బడికి వెళ్లింది రెండో తరగతి దాకానే. నీటి లెక్క మాత్రం ఇంజనీర్లకు చెప్పేవాడు.

మీ ఒంట్లో ఆ తూము కాలేయం. కుడివైపు పక్కటెముకల కింద ఉంటుంది, సుమారు కిలోన్నర బరువు. తాగినది పొట్టలోంచి, పేగుల్లోంచి రక్తంలోకి చేరుతుంది. దాన్ని విరిచి బయటికి పంపే పని దాదాపు అంతా కాలేయానిదే. గంటకి ఎనిమిది పది గ్రాముల ఆల్కహాల్ మించి పంపలేదు. 650 మిల్లీలీటర్ల మామూలు బీరు, అంటే 5 శాతంది, ఒక్క సీసాలో దాదాపు 25 గ్రాములు ఉంటుంది. అది పోవడానికి రెండున్నర మూడు గంటలు. 8 శాతం స్ట్రాంగ్ బీరైతే 40 గ్రాములు. క్వార్టర్ విస్కీలో 60. రాత్రి పన్నెండుకి రెండు స్ట్రాంగ్ బీర్లు ముగించినవాడు పొద్దున్నే ఎనిమిదింటికి తలస్నానం చేసి బైక్ తీస్తే, వాడి చేలో నీళ్లు ఇంకా పూర్తిగా తీసి ఉండకపోవచ్చు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే బండి నడపడం నేరం.

కాలేయం లోపల ఆ విరిచే పని ఎలా జరుగుతుందో మీ పుస్తకాల్లో బొమ్మలతో సహా ఉంటుంది, నేను దాని జోలికి పోను. మనం నిద్రపోతున్నా, పరీక్ష రాస్తున్నా, ఎవరూ చెప్పకుండానే అది తన పని తాను చేసుకుపోవడం ఈ వయసులో కూడా నాకు వింతగానే ఉంటుంది.

ఇంకో మాట. ముదిరిన చేను రెండు రోజులు మునిగినా తట్టుకుంటుంది. కొత్తగా నాటిన మడి మునిగితే కుళ్లిపోతుంది. ఇరవై దాటిన కొన్నేళ్లకు గాని మెదడు పూర్తిగా ఎదగదని డాక్టర్లు చెబుతారు. మీరింకా నాట్ల దశలోనే ఉన్నారు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండనివాళ్లకి మద్యం అమ్మకూడదని చట్టం కూడా ఉంది. నా మాట అడిగితే అసలు ముట్టుకోవద్దనే అంటాను. దిగువన తూము మీ మాట వినదు. ఎగువన నీళ్లు వదిలే షట్టరు మాత్రం మీ చేతిలోనే ఉంది, దాన్ని ఏ సీనియర్ చేతికీ ఇవ్వకండి. "నాకు వద్దన్నా" అని ఒక్కసారి గట్టిగా అంటే చాలు, కారణాలు చెప్పనక్కర్లేదు. బలవంతం చేస్తే అది ర్యాగింగే, దానికి 1997లోనే మన రాష్ట్రంలో చట్టం వచ్చింది. దేశం మొత్తానికి హెల్ప్‌లైన్ 1800-180-5522.

ఇప్పుడు చెప్పేది తాగని పిల్లలకే ఎక్కువ అవసరం. తాగడం ఆపేశాక కూడా పొట్టలో మిగిలింది రక్తంలోకి ఎక్కుతూనే ఉంటుంది. అందుకే "పడుకోబెట్టండ్రా, సర్దుకుంటాడు" అన్న మాట ప్రాణం మీదికి తెస్తుంది. పిలిచినా గిల్లినా లేవకపోతే, ఊపిరి ఆగి ఆగి వస్తుంటే, ఒళ్లు చల్లబడితే, పెదాలు నీలంగా మారితే ఆలోచించకుండా 108కి ఫోన్ చేయండి. వెల్లకిలా ఉంచొద్దు, పక్కకి తిప్పి పడుకోబెట్టండి, వాంతి వచ్చినా గొంతుకి అడ్డం పడదు. నోట్లో మజ్జిగ పోయకండి, వేలు పెట్టి కక్కించకండి. అంబులెన్స్ వచ్చేదాకా ఒంటరిగా వదలకండి. వార్డెన్ తిడతాడనీ పేరు బయటికొస్తుందనీ టెన్షన్ పడి ఆగొద్దు.

కాలువలకు నీళ్లు వదిలినప్పుడు విజయవాడ వచ్చారంటే ఏలూరు కాలువ గట్టు మీద కాసేపు నడుద్దాం. లేదా మీ దగ్గర్లో ఏ చేలోనైనా తూము దగ్గర పావుగంట కూర్చుని చూడండి. తొందరపెట్టాలని మీకూ అనిపిస్తుంది.

ఇక ఈ చివరి ముక్క అమ్మానాన్నలకి, మీరే చదివి వినిపించండి. అమ్మాయ్, అబ్బాయ్, రాత్రి రెండింటికి పిల్ల దగ్గర్నుంచి ఫోన్ వస్తే మూడే మాటలు: "ఎక్కడున్నావు? పక్కన ఎవరున్నారు? అక్కడే ఉండు, వస్తున్నాం." విజయవాడ నుంచి గుంటూరు గంట దూరం. ఆ గంటలో కారులో కూడా తిట్టొద్దు. మర్నాడు పిల్ల స్నానం చేసి అన్నం తిన్నాక మాట్లాడండి. ఫోన్ చేస్తే తిడతారన్న భయం ఒక్కసారి పడిందంటే, రెండోసారి ఆ ఫోన్ మనకి రాదు. ఈ మాట ఫ్రెషర్స్ పార్టీకి ముందే, ఈ వారమే, పిల్లలకి మీ నోటితో చెప్పండి.

ఆశీస్సులతో,
తాతయ్య
విజయవాడ