177 పాయింట్ల వెనుక: అమెరికా కాలేజీ కుస్తీలో కొలబద్ద మారుతూ వచ్చిన తీరు

2025 మార్చిలో ఫిలడెల్ఫియాలో జరిగిన ఎన్‌సీఏఏ (అమెరికా కాలేజీ క్రీడల సంస్థ) డివిజన్ 1, అంటే అగ్రశ్రేణి, కుస్తీ ఛాంపియన్‌షిప్‌ను పెన్ స్టేట్ విశ్వవిద్యాలయం 177 జట్టు పాయింట్లతో గెలుచుకుంది. రెండో స్థానంలో నిలిచిన నెబ్రాస్కాకు వచ్చినవి 117. అంతకు ముందటి ఏడాది కాన్సస్ సిటీలో ఇదే జట్టు 172.5 పాయింట్లు సాధించి, 1997లో అయొవా నెలకొల్పిన 170 పాయింట్ల రికార్డును తుడిచిపెట్టింది. 27 ఏళ్లు చెక్కుచెదరని అంకె వరుసగా రెండేళ్లు వెనకబడిందంటే అది జట్టు గొప్పతనమా, లేక కొలిచే కొలబద్దే మారిందా అన్న సందేహం రావడం సహజం. దానికి జవాబు వెతకాలంటే ముందు ఈ పాయింట్లు ఎక్కడి నుంచి పుడతాయో, ఎలా మారుతూ వచ్చాయో చూడాలి.

ఈ టోర్నీలో పది బరువు విభాగాలుంటాయి. ఒక్కో విభాగంలో 33 మంది చొప్పున మొత్తం 330 మంది రెజ్లర్లు మూడు రోజులపాటు తలపడతారు. ఒకసారి ఓడినవాడు ఇంటికి వెళ్లడు, కన్సొలేషన్ వైపుకు మారి మూడో స్థానం దాకా పోరాడవచ్చు. టైటిల్‌కు మొదటి ఓటమితోనే దూరమైనా, మూడో స్థానానికి దూరమయ్యేది రెండోసారి ఓడితేనే. ఆ లెక్కన ఒక్కో విభాగంలో 64 బౌట్లు, అన్నీ కలిపి 640 బౌట్లు జరుగుతాయి. మొదటి ఎనిమిది స్థానాల్లో నిలిచినవారిని ఆల్ అమెరికన్ అంటారు.

జట్టు ఖాతాలోకి పాయింట్లు మూడు దారుల్లో వస్తాయి. మొదటిది స్థానం: విజేతకు 16, రెండో స్థానానికి 12, మూడుకు 10, నాలుగుకు 9, అక్కడి నుంచి తగ్గుతూ ఎనిమిదో స్థానానికి 3. రెండోది ముందంజ: ప్రధాన డ్రాలో గెలిచి తదుపరి రౌండుకు చేరితే 1, కన్సొలేషన్ వైపు అయితే అర పాయింటు. మూడోది గెలిచిన తీరు. ప్రత్యర్థి భుజాలు చాపకు ఆనించి ఫాల్‌తో గెలిస్తే 2, పదిహేను పాయింట్ల తేడా సాధించి టెక్నికల్ ఫాల్‌తో బౌట్ ముగిస్తే 1.5, ఎనిమిది నుంచి పద్నాలుగు తేడాతో మేజర్ డెసిషన్ సాధిస్తే 1 అదనంగా చేరతాయి. ఐదు బౌట్లూ స్వల్ప తేడాలతో గెలిచిన ఛాంపియన్ తన జట్టుకు 20 పాయింట్లు తెస్తే, ఐదుగురినీ చిత్తు చేసిన ఛాంపియన్ 30 తెస్తాడు. పతకాల పట్టికలో ఇద్దరిదీ ఒకటే స్థానం, కానీ జట్టు లెక్కలో వారి మధ్య ఒక మూడో స్థానానికి సరిపడా తేడా ఉంటుంది.

ఈ చిన్న అంకెల బరువు 2018లో క్లీవ్‌లాండ్‌లో తెలిసివచ్చింది. పెన్ స్టేట్, ఒహాయో స్టేట్ చివరిదాకా పోటాపోటీగా సాగిన ఆ టోర్నీలో 184 పౌండ్ల ఫైనల్లో బో నికల్ ఒహాయో స్టేట్‌కు చెందిన మైల్స్ మార్టిన్‌ను మొదటి పీరియడ్‌లోనే ఫాల్ చేయడంతో జట్టు టైటిల్ ఖాయమైంది. చివరి లెక్క 141.5కు 133.5. ఆ ఒక్క బౌట్‌లో నికల్ ఓడి ఉంటే పెన్ స్టేట్ ఆరు పాయింట్లు కోల్పోయేది, ఒహాయో స్టేట్‌కు నాలుగు కలిసేవి, టైటిల్ చేతులు మారేది.

మొదట్లో ఈ లెక్కలేవీ లేవు. 1928లో అయొవా రాష్ట్రంలోని ఏమ్స్‌లో తొలి ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు, ఫాల్ కాని బౌట్‌ను నిర్ణయించింది ప్రధానంగా గడియారం. ఎదుటివాడిని ఎవరు ఎక్కువ సేపు తన అదుపులో ఉంచుకుంటే వాడిది గెలుపు. మన తాలీముల్లో, దంగల్‌లలో పహిల్వాన్లు ఎరిగిన కుస్తీలో వీపు నేలకు తగలడమే తీర్పు. అమెరికా కాలేజీలు ఆ తీర్పును ఉంచుకుంటూనే, అది రానప్పుడు అదుపును సమయంతో కొలిచాయి. ఆ యుగాన్ని ఏలిన జట్టు ఓక్లహోమా ఎ అండ్ ఎం, అంటే నేటి ఓక్లహోమా స్టేట్. దాన్ని తీర్చిదిద్దిన ఎడ్ గ్యాలగర్ ఇంజనీరింగ్ చదివినవాడు, పట్టులను మీట సూత్రాలతో ఆలోచించినవాడు. ఆయన 1940లో మరణించాక ఆ బాధ్యత చేపట్టిన ఆర్ట్ గ్రిఫిత్ రూపొందించిన పాయింట్ల పద్ధతి 1941లో ఆమోదం పొందింది. కింద పడేసి అదుపులోకి తెచ్చుకునే టేక్‌డౌన్‌కు ఒక విలువ, కిందనుంచి తప్పించుకునే ఎస్కేప్‌కు మరొకటి, కిందివాడు పైవాడయ్యే రివర్సల్‌కు ఇంకొకటి ఏర్పడ్డాయి. నా దృష్టిలో ఈ క్రీడ చరిత్రలో అన్నిటికన్నా పెద్ద మలుపు ఇదే. అంతవరకు గడియారం దగ్గరున్నవాడికే తెలిసిన బౌట్ స్థితి ఆ తర్వాత గ్యాలరీలో కూర్చున్నవాడికీ అర్థమైంది. పాత కొలత పూర్తిగా పోలేదు. ప్రత్యర్థి కన్నా ఒక నిమిషం ఎక్కువ పైచేయిగా ఉన్నవాడికి నేటికీ రైడింగ్ టైమ్ పేరిట ఒక పాయింటు దక్కుతుంది. ఒలింపిక్స్‌లో మనం చూసే ఫ్రీస్టైల్‌లో ఇలా అదిమిపట్టి ఉంచినందుకు విలువ లేదు.

దశాబ్దాలపాటు టేక్‌డౌన్‌కు రెండు, ఎస్కేప్‌కు ఒకటి అన్న నిష్పత్తి నిలకడగా సాగింది. 2015-16 సీజన్లో నియర్‌ఫాల్‌కు, అంటే ప్రత్యర్థి వీపును చాపకు దగ్గరగా వంచి ఉంచినందుకు, నాలుగు పాయింట్లు ఇవ్వడం మొదలైంది. 2023-24లో వచ్చిన మార్పు మరింత మౌలికమైనది: టేక్‌డౌన్ విలువ మూడుకు పెరిగింది. దాడి చేసేవాడికి తగిన ప్రతిఫలం దక్కాలన్నది దాని ఉద్దేశం. ఒక్క పాయింటే కదా అనిపిస్తుంది గానీ, లెక్క వేసి చూస్తే దాని పరిమాణం తెలుస్తుంది. బలమైన రెజ్లర్ ప్రత్యర్థిని పడేసి, లేవనిచ్చి, మళ్లీ పడేసే ఆట ఆడతాడనుకుందాం. పాత పద్ధతిలో ప్రతి విడతకూ అతనికి మిగిలేది ఒక్క పాయింటు కాబట్టి పదిహేను తేడా రావడానికి పద్నాలుగు టేక్‌డౌన్లు కావాలి. కొత్త పద్ధతిలో మిగిలేది రెండు కాబట్టి ఏడు చాలు. మేజర్ డెసిషన్‌కు ఏడు కావలసిన చోట నాలుగు సరిపోతాయి. ఏడు నిమిషాల బౌట్‌లో పద్నాలుగుసార్లు పడేయడం అసాధారణం, ఏడుసార్లు పడేయడం మేటి రెజ్లర్‌కు సాధ్యమే. అంటే టేక్‌డౌన్‌కు కలిపిన ఆ ఒక్క పాయింటు బౌట్‌లోనే ఆగిపోదు, టెక్నికల్ ఫాల్ రూపంలో జట్టు ఖాతాకూ చేరుతుంది.

కొత్త నిబంధన వచ్చిన మొదటి సీజన్లోనే పాత రికార్డు పడిపోవడం కాకతాళీయమని నేను అనుకోను. అలాగని పెన్ స్టేట్ ఘనత నిబంధన పుణ్యమే అనడం కూడా అన్యాయం, ఎందుకంటే ఆ నిబంధన అందరికీ ఒక్కటే. 2024లో 172.5 సాధించిన జట్టుకూ, 72.5తో రెండో స్థానంలో నిలిచిన కోర్నెల్‌కూ మధ్య సరిగ్గా నూరు పాయింట్ల తేడా ఉంది. వేర్వేరు కాలాల జట్లను పోల్చదలచినప్పుడు మొత్తం కన్నా ఈ తేడానే నమ్మదగిన కొలత. అయితే అదీ సగమే చెబుతుంది. 1997లో డాన్ గేబుల్ అయొవా శిక్షకుడిగా తన చివరి టోర్నీలో సాధించిన 170 పాయింట్లలో ఐదుగురు ఛాంపియన్లున్నారు. 2025లో కేల్ శాండర్సన్ శిక్షణలోని పెన్ స్టేట్ జట్టు సాధించిన 177లో ఛాంపియన్లు ఇద్దరే. కానీ పదిమందికి పదిమందీ ఆల్ అమెరికన్లయ్యారు, వారిలో ఐదుగురు మూడో స్థానంలో నిలిచారు. ఓడిన మరునాడు కన్సొలేషన్ వైపు అర పాయింటు కోసం దిగి గెలిచిన ఆ కుర్రాళ్ల పట్టుదలే నన్ను ఎక్కువగా కదిలించింది.

వ్యక్తిగత రికార్డులకూ ఇదే జాగ్రత్త కావాలి. గేబుల్ విద్యార్థిగా ఉన్నప్పుడు మొదటి ఏడాది వారికి ప్రధాన జట్టులో ఆడే అర్హత లేదు. అందుకే అతనికి దొరికిన అవకాశాలు మూడే. 1968, 1969ల్లో గెలిచి, 1970 ఫైనల్లో వాషింగ్టన్‌కు చెందిన ల్యారీ ఓవింగ్స్ చేతిలో 13-11తో ఓడాడు. కాలేజీ జీవితం మొత్తంలో అది అతని ఏకైక ఓటమి. నాలుగు టైటిళ్లు గెలిచిన తొలి రెజ్లర్ ఓక్లహోమా స్టేట్‌కు చెందిన ప్యాట్ స్మిత్, 1994లో. తర్వాత శాండర్సన్ 1999 నుంచి 2002 దాకా ఒక్క బౌట్ కూడా ఓడకుండా 159 గెలిచి నాలుగు టైటిళ్లు అందుకున్నాడు. 2020లో మహమ్మారి వల్ల టోర్నీయే జరగలేదు. అయొవా రెజ్లర్ స్పెన్సర్ లీ 2018, 2019, 2021ల్లో గెలిచిన మూడు టైటిళ్ల మధ్య ఆ ఖాళీ అలాగే ఉండిపోయింది. మరుసటి సీజన్‌ను మాత్రం అర్హత లెక్క నుంచి మినహాయించి, అందులో ఆడినవారికి అదనంగా ఒక ఏడాది ఇచ్చారు. 2025లో పెన్ స్టేట్‌కు చెందిన కార్టర్ స్టారొచ్చి ఐదు టైటిళ్లు గెలిచిన తొలి రెజ్లరయ్యాడు. లెక్కలోకి రాని ఆ ఏడాది గెలిచినదే వాటిలో మొదటిది.