రేటు తక్కువ, బిల్లు ఎక్కువ: ఆల్కార్న్ కౌంటీ నుంచి సిరిసిల్ల దాకా

జనవరి బిల్లు చేతికొచ్చిన రోజు మా పిన్ని కొడుకు అమెరికా నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, ఇది మీటరా, ఇంకేమన్ననా? 2,300 యూనిట్లు చూపిస్తుంది. మన లైన్ మీద ఎవరన్నా కొండీ వేశారేమో అనిపిస్తుంది" అన్నాడు. వాడిది మిసిసిపీ రాష్ట్రం ఈశాన్య మూలన ఒక చిన్న ఊరు. ఆస్పత్రిలో ఉద్యోగం, మూడు గదుల అద్దె ఇల్లు. ఇంట్లో భార్యాభర్తలు, చంటిబిడ్డ. బిల్లు 310 డాలర్లు దాటింది.

సిరిసిల్ల దగ్గర మా ఊళ్లో వాళ్లమ్మ ఇంట్లో నెలకు 90 యూనిట్లు కాలితే గొప్ప. అంటే పిన్ని రెండేళ్లకు పైగా వాడుకునే కరెంటు వీళ్లింట్లో ఒక్క నెలలో అయిపోయింది.

వాడి బిల్లు ఫొటో తెప్పించుకుని చూశాను. యూనిట్ రేటు పదమూడు సెంట్ల లోపే ఉంది. 2022లో అమెరికా ఇళ్లకు పడ్డ సగటు రేటు యూనిట్‌కు 15 సెంట్లు. కాబట్టి రేటు చవకే. మీటరులోనూ తప్పు లేదు. కాలిన యూనిట్లే అన్ని ఉన్నాయి. ఆ ఏడాది అమెరికా ఇంటి సగటు వాడకం నెలకు 900 యూనిట్ల దగ్గరుంటే, అందరికంటే ఎక్కువ వాడిన లూసియానాలో 1,200 దాటింది. దక్షిణాది రాష్ట్రాల పల్లెల్లో చాలాచోట్ల ఇదే తీరు: రేటు తక్కువ, వాడకం ఎక్కువ, నెలాఖరుకు బిల్లు బరువు. ఇది అక్కడి జనం దుబారా వల్ల వచ్చింది కాదు. తొంభై ఏళ్ల కింద అక్కడే, వాడుండే కౌంటీకి పక్కనే, తెలిసి తెలిసి తీసుకున్న ఒక నిర్ణయం దీని వెనకుంది. ఆ నిర్ణయం తాలూకు ఒక తీగ సిరిసిల్ల దాకా వచ్చింది. నేను ఇది రాయడానికి కారణం అదే.

ఆ పక్క కౌంటీ పేరు ఆల్కార్న్. కౌంటీ అంటే మన పాత తాలూకా లాంటిది అనుకోవచ్చు. విస్తీర్ణం 400 చదరపు మైళ్లు, జనం ఇప్పటికీ 35 వేల లోపే. ముఖ్య పట్టణం కోరింత్, రెండు రైలు మార్గాలు కలిసే జంక్షన్. చుట్టూ పత్తి చేలు. 1930ల మొదట్లో కోరింత్ పట్టణంలో దీపాలుండేవి, ఊరి పొలిమేర దాటితే కిరోసిన్ లాంతర్లే. దేశమంతటా అదే కథ. 1935 నాటికి పట్టణాల్లో పదింట తొమ్మిది ఇళ్లకు కరెంటు ఉంటే, రైతు ఇళ్లలో పదింట ఒక్కదానికే ఉండేది.

ప్రైవేటు కంపెనీల లెక్క సూటిగా ఉండేది. పట్టణంలో మైలు తీగ లాగితే వంద ఇళ్లొస్తాయి. పల్లెలో అదే మైలుకు మూడో నాలుగో. స్తంభాల ఖర్చు, ట్రాన్స్‌ఫార్మర్ ఖర్చు ఆ నాలుగిళ్ల మీదే పడాలి. అందుకని కంపెనీవాళ్లు లైన్ ఖర్చు ముందే కట్టమని రైతును అడిగేవారు, ఆపైన రేటూ ఎక్కువే వేసేవారు. రేటు ఎక్కువ కాబట్టి రైతు రెండు బల్బులకు మించి పెట్టుకునేవాడు కాదు. రెండు బల్బులే కాబట్టి లైన్ గిట్టేది కాదు. గిట్టదు కాబట్టి పక్క ఊరికి తీగ లాగేవారు కాదు.

ఈ దెబ్బ అధ్యక్షుడు రూజ్‌వెల్ట్‌కు స్వయంగా తగిలింది. పోలియో చికిత్స కోసం ఆయన జార్జియాలోని వార్మ్ స్ప్రింగ్స్‌కు వెళ్లి ఒక చిన్న కాటేజీలో ఉండేవాడు. మొదటి నెల కరెంటు బిల్లు వచ్చింది. యూనిట్‌కు 18 సెంట్లు. న్యూయార్క్ రాష్ట్రంలో హైడ్ పార్క్‌లోని తన సొంత ఇంటికి కట్టేదానికి ఇది దాదాపు నాలుగింతలు. గ్రామీణ విద్యుత్తు గురించి తన ఆలోచన ఆ బిల్లు దగ్గరే మొదలైందని 1938 ఆగస్టులో జార్జియాలోనే బార్న్స్‌విల్ సభలో ఆయన చెప్పుకున్నాడు.

1933 మేలో టెన్నెసీ వ్యాలీ అథారిటీ, అంటే టీవీఏ పుట్టింది. నదికి ఆనకట్టలు కట్టడం, వరదలు ఆపడం, కరెంటు తీయడం దాని పని. ఆ చట్టం వెనక నిలబడ్డవారిలో నెబ్రాస్కా సెనేటర్ జార్జ్ నోరిస్ ఒకరు, మిసిసిపీలోని టుపెలోకు చెందిన ప్రతినిధుల సభ సభ్యుడు జాన్ రాంకిన్ ఇంకొకరు. రాంకిన్ కరుడుగట్టిన వర్ణవివక్షవాది. పల్లెకు చవక కరెంటు తేవడంలో అతని పాత్ర ఎంత నిజమో, నల్లజాతివారి హక్కులను జీవితాంతం అడ్డుకున్నదీ అంతే నిజం. రెండూ చెప్పాలి. అప్పట్లో అక్కడ పంటలో వాటా ఇచ్చి పాలుకు సాగుచేసే కుటుంబాలు ఉండే గుడిసెలు భూస్వాములవి. ఇంట్లో వైరింగ్ పెట్టాలో వద్దో అనుకోవాల్సింది భూస్వామే.

టీవీఏలో కరెంటు వ్యవహారం చూసింది డేవిడ్ లిలియెంతాల్. ఆయన ఆ చిక్కుముడిని రెండో కొసనుంచి పట్టుకున్నాడు. వాడకం పెరిగాక రేటు తగ్గిద్దామని ఆగలేదు. ముందే రేటు తగ్గించాడు, వాడకం దానంతట అదే పెరుగుతుందన్నాడు. టీవీఏ ప్రకటించిన ఇంటి రేటు ఇలా ఉండేది: మొదటి 50 యూనిట్లకు 3 సెంట్ల చొప్పున, తర్వాతి 150కి 2 సెంట్లు, ఆ తర్వాతి 200కి 1 సెంటు, ఆపైన అర సెంటు కంటే తక్కువ. దేశ సగటు అప్పుడు 5 సెంట్ల పైనే.

ఈ మెట్లను ఒక్క నిమిషం ఆగి చూడాలి. మన స్లాబులకు ఇవి పూర్తిగా తలకిందులు. తెలంగాణలో నెలకు వంద లోపు కాల్చే ఇంటికి మొదటి 50 యూనిట్లు రూపాయి 95 పైసల చొప్పున, తర్వాతి 50 మూడు రూపాయల పది పైసల చొప్పున పడతాయి. వాడకం పెరిగినకొద్దీ యూనిట్ తొమ్మిది, పది రూపాయల దాకా ఎక్కుతుంది. ఎక్కువ వాడితే జేబుకు దెబ్బ అని మనకు చిన్నప్పటినుంచీ అలవాటు. ఫ్యాన్ ఆపకుండా బయటికి వస్తే అమ్మ అరుపు వినని ఇల్లు మన దగ్గర ఉండదు. అక్కడ 200 యూనిట్లు వాడితే నాలుగున్నర డాలర్లు, దానికి రెట్టింపు 400 వాడితే ఆరున్నర. ఎక్కువ వాడమని బిల్లే చెప్పింది. వాడడానికి వస్తువులుండాలి కదా, అందుకని ఫ్రిజ్, కరెంటు పొయ్యి, వాటర్ హీటర్ కొనుక్కోవడానికి తక్కువ వడ్డీ వాయిదాలిచ్చే ఒక సంస్థను కూడా ప్రభుత్వం 1934లో నడిపించింది. దాని పని మొదట టుపెలోలోనే మొదలైంది. 1934 ఫిబ్రవరిలో టీవీఏ కరెంటు అందుకున్న మొదటి పట్టణం కూడా టుపెలోనే.

ఆల్కార్న్‌లో జరిగింది ఇంకో అడుగు ముందుది. కోరింత్ జనం, చుట్టుపక్కల రైతులు కలిసి 1934లో ఆల్కార్న్ కౌంటీ ఎలక్ట్రిక్ పవర్ అసోసియేషన్ పెట్టుకున్నారు. ఇప్పుడు అమెరికాలో గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలు 900 దాకా ఉన్నాయి, వాటికి పెద్దన్నగా చెప్పుకునేది దీన్నే. పట్టణం, పల్లె ఒకే సంఘంలో ఉండాలి, ఒకే రేటు కట్టాలి. పట్టణంలో మిగిలిన డబ్బుతో పల్లెకు స్తంభాలు పాతాలి. మైలుకు వంద ఇళ్లున్న చోటి లాభం మైలుకు నాలుగిళ్లున్న చోటికి వెళ్లింది. నా మటుకు నాకు ఈ కథలో అన్నింటికంటే గొప్ప పని ఇదే. పట్టణంవాళ్లు కావాలంటే తమవరకు చూసుకుని ఇంకా చవకగా కరెంటు తీసుకునేవారు. అలా చేయలేదు.

1935 మేలో రూజ్‌వెల్ట్ పల్లెల్లో లైన్లకు అప్పులిచ్చే గ్రామీణ విద్యుదీకరణ సంస్థను ఏర్పాటు చేశాడు, మరుసటి ఏడాది చట్టం వచ్చింది. ఆ అప్పులు తీసుకుని లైన్లు వేయడానికి ప్రైవేటు కంపెనీలు పెద్దగా ముందుకు రాలేదు. రైతులు వచ్చారు. ఊరూరా తిరిగి, మనిషికి అయిదు డాలర్ల చొప్పున సభ్యత్వం రాయించారు. అయిదు డాలర్లు అప్పట్లో పల్లెలో చిన్న మొత్తం కాదు. కరెంటు రాగానే చాలా ఇళ్లలో బల్బు, రేడియోతో పాటు వచ్చిన వస్తువు ఇస్త్రీపెట్టె. అంతకుముందు ఆడవాళ్లు ఎండాకాలంలో కూడా కట్టెల పొయ్యి మండించి, దాని మీద ఇనుప ఇస్త్రీపెట్టెలు కాల్చుకుని, ఒకటి చల్లారేలోపు ఇంకొకటి తీసుకుంటూ బట్టలు రుద్దేవారు. ఆ పొయ్యి ముందు నిలబడాల్సిన అవసరం పోయిందంటే ఆ ఇంటికి అదెంతో మనకు వేరే చెప్పక్కర్లేదు. రోట్లో రుబ్బిన తరం మన ఇళ్లలో ఇంకా ఉంది.

లిలియెంతాల్ అన్నదే జరిగింది. వాడకం పెరిగింది, సంఘాలు అప్పులు తీర్చాయి. కోరింత్‌కు దగ్గర్లోనే టెన్నెసీ నది మీద పిక్‌విక్ ఆనకట్ట 1938లో పని మొదలుపెట్టింది. యుద్ధం తర్వాత 1950లు, 60లలో టెన్నెసీ వ్యాలీ ఇళ్ల వాడకం దేశ సగటుకు దాదాపు రెండింతలకు చేరింది. 1956 నుంచి పెద్ద తయారీ కంపెనీలు "అన్నీ కరెంటే" అనే ఇళ్ల ప్రచారం దేశమంతా మొదలుపెట్టాయి. గ్యాస్ పైపు లేని పల్లెల్లో అది వెంటనే నాటుకుంది. వంట, వేణ్నీళ్లు మాత్రమే కాదు, చలికాలం ఇల్లు వెచ్చబెట్టడం కూడా కరెంటుతోనే. కరెంటు ఇంత చవకైనప్పుడు గోడల్లో చలి ఆపే దూది దట్టంగా కూరాలని, కిటికీ సందులు మూయాలని ఎవరికి తోస్తుంది? సందులున్న ఇళ్లు లేచాయి. తర్వాత ఫ్యాక్టరీలో చేసి తెచ్చి నిలబెట్టే రేకు గోడల ఇళ్లు, మొబైల్ హోమ్‌లు వచ్చాయి, వాటిలో చలి ఇంకా సులువుగా దూరుతుంది.

తర్వాత రేటు కదిలింది. నీళ్లతో తీసే కరెంటు సరిపోక టీవీఏ అప్పటికే బొగ్గు మీదికి వెళ్లింది. 1967లో తొలిసారి రేటు పెంచింది. 1970లలో బొగ్గు ధర, వడ్డీలు రెండూ పైకెక్కాయి. అదే కాలంలో టీవీఏ 17 అణు రియాక్టర్లు కట్టాలని దిగింది. ఇవాళ నడుస్తున్నవి ఏడు. మిగతావి మధ్యలోనే ఆగాయి. అందులో ఒకటి ఆల్కార్న్ పక్కనే, టిషొమింగో కౌంటీలోని ఎల్లో క్రీక్. దాన్ని 1984లో రద్దు చేశారు. ఆ ప్లాంటు నుంచి ఒక్క యూనిట్ రాలేదు, దాని అప్పు మాత్రం ఆ చుట్టుపక్కల ఇళ్ల బిల్లుల్లో కూడా కలిసింది. ఒక్కసారిగా రేటు పెరిగేసరికి జనం కరెంటు కోసమే కట్టిన ఇళ్లలో ఉన్నారు. రేటును ఒక ఉత్తర్వుతో మార్చవచ్చు, గోడను మార్చలేం. మా తమ్ముడి బిల్లు అక్కడినుంచి వచ్చింది.

ఇప్పుడు ఆ తీగ సిరిసిల్ల దాకా ఎలా వచ్చిందో చెప్తాను. కరువు రోజుల్లో మనకు అమెరికా గోధుమలు పీఎల్-480 అనే అమెరికా చట్టం కింద వచ్చేవి. వాటికి మనం రూపాయల్లో కట్టిన డబ్బు ఇక్కడే ఉండిపోయేది. గ్రామీణ పరపతిని పరిశీలించిన వెంకటప్పయ్య కమిటీ సిఫార్సుతో 1969లో గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ పుట్టింది, ఆ రూపాయల్లో కొన్ని దాని పెట్టుబడిలోకి వెళ్లాయి. అమెరికా విద్యుత్ సహకార సంఘాల జాతీయ సమాఖ్య నిపుణులు కూడా వచ్చారు. ప్రయోగంగా అయిదు చోట్ల సహకార సంఘాలు పెట్టారు: గుజరాత్‌లో కోడినార్, కర్ణాటకలో హుక్కేరి, మహారాష్ట్రలో ముల-ప్రవర, ఉత్తరప్రదేశ్‌లో లక్నో, మన దగ్గర సిరిసిల్ల. మాకు చిన్నప్పటినుంచి తెలిసిన 'సెస్' అదే, 1970లో మొదలైన సహకార విద్యుత్ సరఫరా సంఘం. మీటరు చూడ్డానికొచ్చినవాణ్ని మేము "సెస్ ఆయన" అనేవాళ్లం. తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో కుప్పం, అనకాపల్లి, చీపురుపల్లిలాంటి చోట్ల కూడా ఇదే నమూనాలో సంఘాలు వచ్చాయి.

వేసిన విత్తనం ఒకటే అయినా నేల వేరు. ఆల్కార్న్‌లో సంఘాన్ని నిలబెట్టింది ఇంటి వాడకం. సిరిసిల్లలో ఇల్లు రెండు బల్బుల దగ్గరే ఆగింది, కరెంటు వెళ్లింది బావి దగ్గర మోటారుకు, ఆ తర్వాత మరమగ్గాలకు. మోటారు 2004 నుంచి ఉచితం. మగ్గానికి రాయితీ. ఇళ్లకూ 2024 మార్చి నుంచి గృహజ్యోతి వచ్చింది, నెలకు 200 యూనిట్ల లోపు వాడే అర్హులకు జీరో బిల్లు. సంఘానికి డబ్బు వచ్చేది చాలావరకు సర్కారు చేతిమీదుగానే. ముల-ప్రవర సంఘం చేతిలోంచి సరఫరా 2011లో పోయింది. సెస్ మాత్రం ఇంకా నిలబడి ఉంది. అది ఊరికే నిలబడలేదని, ఎవరో ఒకరు ప్రతిసారీ పట్టుబట్టి నిలబెట్టుకున్నారని నేను నమ్ముతాను.

తమ్ముడి ఇంట్లో చివరికి దొరికింది రెండు తప్పులు. గోడ మీది థర్మోస్టాట్ 'ఎమర్జెన్సీ హీట్' మీద ఉంది. అంటే తక్కువ కరెంటుతో ఇల్లు వెచ్చబెట్టే హీట్ పంపు పని లేకుండా పక్కన కూర్చుంటే, కరెంటు పొయ్యిలాంటి కాయిల్స్ రాత్రింబగళ్లు కాలాయి. ఇంటి కింద వేడిగాలి గొట్టం ఒక అతుకు దగ్గర ఊడిపోయి ఉంది, వేడి సగం మట్టికే పోతోంది. రెండూ సరిచేశాక తర్వాతి నెల 1,350 యూనిట్లు వచ్చాయి.

వాడి బిల్లు వెనకవైపు సంఘం వార్షిక సమావేశం తేదీ అచ్చయి ఉంది. అద్దెకున్నా కనెక్షన్ వాడి పేరు మీదే కాబట్టి వాడు సభ్యుడే, డైరెక్టర్ల ఎన్నికలో ఓటుంది. ఆ సంగతి వాడికి తెలియదు. పిన్ని మాత్రం 2022 డిసెంబరులో సెస్ ఎన్నికలకు లైన్లో నిలబడి ఓటేసి వచ్చింది. ఫోన్లో ఆ మాట చెప్తే వాడు కాసేపు ఊరుకుని, "తేదీ ఎప్పుడన్నావన్నా?" అని మళ్లీ అడిగాడు.