నిమ్మచెట్టుకి బొగ్గు ఎందుకు వేశానంటే

పొదలకూరు

చిన్నీ, బుజ్జీ,

"తాతా, కాలిపోయిన బొగ్గులో ఏం బలముందని నిమ్మచెట్లకి వేస్తున్నావు?" అని దసరా సెలవుల్లో అడిగారు గదా. ఇంతలో వాన వచ్చి మాట ఆగిపోయింది. బొగ్గులో బలం పెద్దగా లేదమ్మా, లోపలంతా ఖాళీ. ఆ ఖాళీ కోసమే వేస్తున్నా.

అవ్వ చేసే పెరుగు వడ తెలుసుగా? పిండి వేగేటప్పుడు తడి ఆవిరైపోయి లోపల బెజ్జాలు మిగులుతాయి. గాలి ఆడకుండా కాలిన కట్టె కూడా అంతే, బూడిద కాకుండా సన్నటి గొట్టాల బొగ్గవుతుంది. పొడి వడని చిన్న గిన్నెడు పెరుగులో వేస్తే పెరుగంతా అదే తాగేస్తుంది, మీకు చుక్క మిగలదు. పొడి బొగ్గుని తిన్నగా పాదులో వేసినా మట్టిలో నత్రజనిని అదే పట్టేసుకుంటుంది, చెట్టు పస్తుంటుంది. అందుకే ముందు నానబెట్టాలి. నానిన వడని స్పూనుతో నొక్కితే పెరుగు కొంచెం కొంచెంగా ఊరుతుంది చూడండి, వేరు కూడా బొగ్గు దగ్గర అట్లాగే తీసుకుంటుంది.

నానబెట్టేది గొడ్ల సావిట్లోంచి కాలవలోకి పోయే పంచితంలో, కాస్త పేడ కలిపి. పొద్దున్నే సావిట్లోకి పోతే ముక్కు మండుతుంది, అది నత్రజని అమ్మోనియాగా గాల్లో కలిసిపోతున్న వాసన. పేడలో భాస్వరం ఉంటుంది. బజార్లో కొనే డీఏపీ ఎరువుకి కావలసిన భాస్వరం రాయి మొరాకో, జోర్డాన్ లాంటి దేశాల నుంచి ఓడలెక్కి వస్తుంది. అంత దూరం నుంచి వచ్చింది మురిక్కాలవ పాలైతే ఎట్లా? ఇంట్లోది పారేసి బజార్లో కొనుక్కోకూడదు. కొన్ని చోట్ల మురుగునీళ్లలో మెగ్నీషియం కలిపి, నత్రజనినీ భాస్వరాన్నీ స్ట్రువైట్ అనే తెల్లటి పలుకులుగా దింపుతున్నారు. వాటిని బొగ్గుతో కలిపితే మంచి ఎరువు. సముద్రపు నీళ్లు ఎండగట్టే ఉప్పు కొఠార్లలో, ఉప్పు తీసేశాక మిగిలే చేదు నీళ్లలో ఆ మెగ్నీషియం బోలెడుంటుంది. ఆ కొఠార్లుండే ఇస్కపల్లి వైపు పోయినప్పుడల్లా నాకు అదే ధ్యాస.

మా చిన్నప్పుడు ఊరి బయట సీమతుమ్మ బొగ్గు బట్టీలుండేవి. కట్టెలు పేర్చి, పైన మట్టి మెత్తి, నిప్పు పెట్టేవాళ్లు. తెల్లటి పొగ పల్చబడి నీలంగా మారిందా, ఉరుకులు పరుగులతో బెజ్జాలన్నీ మట్టితో మూసేవాళ్లు. ఒక్క చీలిక మిగిలినా తెల్లారేసరికి బూడిదే! బట్టీ ఎత్తేసిన చోట వానలకి గడ్డి ఏపుగా లేచేది. అమెజాన్ అడవుల్లో వందల ఏళ్ల కిందటి మనుషులు బొగ్గూ చెత్తా కలిపిన నల్లమట్టి ఇప్పటికీ సారంగా ఉందంటే ఎంత ఆశ్చర్యం!

మీరొక పని చెయ్యండి. బాగా చల్లారిన పొడి బొగ్గు ముక్కని గ్లాసు నీళ్లలో వేసి, స్పూనుతో అదిమి పట్టండి. బుడగలు వస్తాయి. కొబ్బరి చిప్ప బొగ్గుకి ఎక్కువొచ్చాయో, సరుగుడు బొగ్గుకి ఎక్కువొచ్చాయో నాకు రాయండి.

మీ తాత