గ్యాస్ బండ నడుము చుట్టూ ఉన్న కుట్టు

చిరంజీవి బాబుకి, చిట్టితల్లికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న సెలవులకి వచ్చినప్పుడు వంటింట్లో కొత్త గ్యాస్ బండ దింపుతుంటే, చిట్టితల్లి దాని నడుము మీద వేలు పెట్టి "తాతయ్యా, ఇక్కడ ఈ గీత ఉబ్బెత్తుగా ఎందుకుంది?" అని అడిగింది. బస్సు టైమైపోతోందని రెండు ముక్కల్లో చెప్పి ఊరుకున్నాను. ఆ గీత వేయడంలోనూ, వేసింది సరిగ్గా ఉందో లేదో చూడడంలోనూ నా ఉద్యోగమంతా గడిచింది. అలాంటి దాన్ని అంత తేలిగ్గా చెప్పేశానే అని మీరు వెళ్ళిన దగ్గర్నుంచి మనసులో పీకుతూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం.

ఆ గీత వెల్డింగ్ కుట్టు. షాపులో, అంటే బండలు చేసే మా ఫ్యాక్టరీలో, మేమంతా సీమ్ అనేవాళ్ళం. బండ మొత్తం ఒకే ముక్క కాదు, బోర్లించి కలిపిన రెండు గిన్నెలు. సుమారు 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఉక్కు రేకుని గుండ్రంగా కోసి, జిడ్డు పూసి, హైడ్రాలిక్ ప్రెస్ కింద పెడితే లోతైన గిన్నెలా దిగుతుంది. అంత గట్టి రేకు చిరగకుండా, ముడత పడకుండా అలా దిగడం ఎన్నిసార్లు చూసినా నాకు తనివి తీరేది కాదు. పై గిన్నెకి నడినెత్తిన బెజ్జం కొట్టి, వాల్వు బిగించే దిమ్మని అక్కడ వెల్డ్ చేస్తారు. ఒక గిన్నె అంచుని కాస్త లోపలికి నొక్కుతారు. రెండో గిన్నె దాని మీద డబ్బా మూతలా కూర్చుంటుంది. లోపలికి వెళ్ళిన ఆ అంచే, కరిగిన లోహం జారిపోకుండా అడుగున ఆసరాగా ఉంటుంది.

తర్వాత బండని మెషిన్ మీద పడుకోబెట్టి నెమ్మదిగా తిప్పుతారు. వెల్డింగ్ తీగ పైనుంచి దిగుతూ ఉంటుంది. దాని చుట్టూ ఇసకలాంటి పొడి పడుతూ ఉంటుంది, దాన్ని ఫ్లక్స్ అంటారు. మంట ఆ పొడి కిందే దాక్కుని మండుతుంది. ఇంటి గేట్లు చేసే షాపులో మీరు చూసే మిరుమిట్లు, నిప్పురవ్వలు ఇక్కడ కనిపించవు. ఒక చుట్టు పూర్తయ్యాక గాజులా గట్టిపడిన పెంకుని సుత్తితో తడితే ఊడిపోతుంది. కింద సన్నటి అలలతో మెరిసే కుట్టు బయటపడుతుంది.

ఇక బాబుకి ఒక ప్రశ్న. కుట్టు నడుము చుట్టూ అడ్డంగా ఉంది. నిలువుగా ఒక్కటీ లేదు. ఎందుకని?

పొలంలో మోటారు పైపు నీళ్ళ ప్రెషర్‌కి పగలడం చూశావు కదా. దాదాపు ఎప్పుడూ నిలువునా, అంటే పొడవునా చీలుతుంది, అడ్డంగా తెగడం అరుదు. లోపలి ఒత్తిడి గొట్టాన్ని రెండు రకాలుగా లాగుతుంది. ఒకటి చుట్టూరా సాగదీస్తుంది, రెండోది రెండు కొసల్నీ విడదీయాలని చూస్తుంది. మొదటిది రెండోదానికి రెట్టింపు. బండలో ఆ రెట్టింపు లాగుడుని అతుకులేని నిండు రేకు మోస్తుంది. కుట్టు మీద పడేది సగమే. కొంచెం లెక్కతో రేకుని ఎంత తెలివిగా వాడుకోవచ్చో చూడు.

సగం అన్నానని తక్కువ అనుకోకండి. బండ అడ్డుకొలత సుమారు 32 సెంటీమీటర్లు. పరీక్ష పెట్టేటప్పుడు లోపల నీళ్ళు నింపి చదరపు సెంటీమీటరుకి 25 కిలోల ఒత్తిడి ఎక్కిస్తారు. అంటే రెండు గిన్నెల్నీ విడగొట్టడానికి సుమారు 19 టన్నుల బలం పనిచేస్తున్నట్టు. నిండు లోడుతో ఉన్న లారీని ఆ సన్న గీతకి వేలాడదీసినట్టన్నమాట. మన వంటింట్లో ఉన్నప్పుడు ఒత్తిడి అందులో పావు వంతుకి అటూ ఇటూగా ఉంటుంది. గ్యాస్ అయిపోవచ్చింది కాబట్టి ఒత్తిడి కూడా తగ్గిపోయి ఉంటుందని అమ్మమ్మ అనుకుంటుంది, కానీ లోపల కాస్త ద్రవం మిగిలినంత వరకూ ఒత్తిడి పెద్దగా మారదు. దాన్ని పెంచేదీ తగ్గించేదీ వేడే. అందుకే బండని ఎండలో పెట్టొద్దని అంతగా చెబుతాను.

నిలువు అతుకు చెడితే ఏమవుతుందో అమెరికా వాళ్ళకి 1905లో తెలిసొచ్చింది. ఆ ఏడాది మార్చి 20న మసాచుసెట్స్ రాష్ట్రం బ్రాక్టన్ ఊళ్ళో గ్రోవర్ బూట్ల ఫ్యాక్టరీలో నీళ్ళు కాచి ఆవిరి పుట్టించే బాయిలర్ పేలింది. ఆ భవనం కూలి, మంటలు లేచి 58 మంది చనిపోయారు. అప్పట్లో బాయిలర్లకి వెల్డింగ్ వాడేవాళ్ళు కాదు. రేకు అంచు మీద అంచు వేసి రివెట్లు, అంటే రెండు వైపులా తల అణగ్గొట్టే మేకులు, కొట్టేవాళ్ళు. అలా వేసిన చోట బాయిలర్ గుండ్రం చెడుతుంది. ఆవిరి ఎక్కినప్పుడల్లా ఆ చోటు గుండ్రం కావాలని వంగుతుంది, దిగినప్పుడల్లా వెనక్కి వస్తుంది. ఇనుప తీగని అటూ ఇటూ వంచి వంచి తెంపుతాం కదా, అలాగే రేకు లోపల పగులు మొదలవుతుంది. పై రేకు కప్పేయడంతో ఎంత మంచి ఇన్‌స్పెక్టరుకైనా అది కంటికి ఆనదు. ఆ ప్రమాదం తర్వాతే 1907లో ఆ రాష్ట్రం బాయిలర్లకి కట్టుదిట్టమైన నియమాలు తెచ్చింది. 1915లో అమెరికా మెకానికల్ ఇంజనీర్ల సంఘం బాయిలర్ కోడ్, అంటే నియమాల పుస్తకం, వచ్చింది. మన దేశంలో 1923లో బాయిలర్ల చట్టం వచ్చింది. ఆ కోడ్ పుస్తకం తిప్పినప్పుడల్లా నాకు ఆ 58 మందీ గుర్తొచ్చేవాళ్ళు.

నా కథ కూడా ఒకటి చెప్పాలి. పనిలో చేరిన కొత్తలో, ఒక వానాకాలం నైట్ షిఫ్ట్. ఫ్లక్స్‌ని ఓవెన్‌లో ఆరబెట్టాకే వాడాలి. ఆ రాత్రి లోడు పంపే తొందరలో బస్తాలోంచి నేరుగా పోసేశాం. వద్దని గట్టిగా చెప్పాల్సిన వాణ్ణి, చెప్పలేదు. కుట్లు పైకి అద్దంలా ఉన్నాయి. తెల్లారి నీళ్ళ పరీక్షలో ఒక బండ నడుము మీద చిన్న చెమట చుక్క లేచింది. గుడ్డతో తుడిచాను. నేను చూస్తుండగానే అదే చోట మళ్ళీ లేచింది. ఎక్స్‌రే తీస్తే కుట్టు పొడుగునా ఆవగింజల్లా నల్లటి చుక్కలు. ఫ్లక్స్‌లోని తేమ మంటలో విడిపోయి వాయువైంది. అది కరిగిన లోహంలో చిక్కుకుని, లోహం గట్టిపడ్డాక బుడగలుగా మిగిలిపోయింది. ఆ రాత్రి చేసిన బండలన్నీ పక్కన పెట్టేశారు. అప్పటి నుంచి రిటైరయ్యే దాకా ఓవెన్ వేడి నా కళ్ళతో చూడకుండా మెషిన్ ఆన్ చేయనివ్వలేదు.

పరీక్ష నీళ్ళతోనే ఎందుకంటే, నీళ్ళు నొక్కినా పెద్దగా కుదించుకోవు. బండ పగిలినా కాసిన్ని నీళ్ళు కారి ఒత్తిడి ఠక్కున పడిపోతుంది. అదే గాలి అయితే స్ప్రింగులా నొక్కుకుని ఉండి, దారి దొరగ్గానే బాంబులా విరుచుకుపడుతుంది. ప్రతి బండనీ ఇలా నీళ్ళతో పరీక్షిస్తారు. అంతకుముందే 600 డిగ్రీలు దాటిన కొలిమిలో కాలుస్తారు, వెల్డింగ్ వేడికి ముడుచుకుని బిగుసుకున్న లోహం సడలడానికి. ఆఖర్న వాల్వు బిగించి, తక్కువ ఒత్తిడితో గాలి ఎక్కించి, నీళ్ళ తొట్టిలో ముంచి బుడగలు వస్తున్నాయేమో చూస్తారు.

కొన్ని బండల్లో కావాలనే పగిలేదాకా నీళ్ళ ఒత్తిడి ఎక్కిస్తారు. మంచి బండ మొదట గుమ్మడికాయలా ఉబ్బుతుంది, తర్వాత రేకు ఒకే చీలికగా నోరు తెరుస్తుంది. ముక్కలై ఎగరకూడదు. చీలిక కుట్టుకి దూరంగా, నిండు రేకులో మొదలైందంటే మా షాపులో అందరి మొహాలూ వెలిగిపోయేవి.

మీ ఇంట్లో బండ దగ్గరికి వెళ్ళి ఒకటి చూడండి. పైన పట్టుకునే రింగుని నిలబెట్టే పట్టీల లోపలి వైపు ఒక ఇంగ్లీషు అక్షరం, రెండంకెలు రాసి ఉంటాయి. ఏ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే జూన్ వరకు, సి అంటే సెప్టెంబరు వరకు, డి అంటే డిసెంబరు వరకు. అంకెలు సంవత్సరం. సి 27 అని ఉంటే 2027 సెప్టెంబరు తర్వాత ఆ బండ మళ్ళీ పరీక్షకి వెళ్ళాలి. కొత్త బండకి మొదట పదేళ్ళు, ఆ తర్వాత ఐదేళ్ళకోసారి. గడువు దాటితే తీసుకోకండి, వేరేది అడగమని నాన్నకి చెప్పండి.

సంక్రాంతికి వచ్చినప్పుడు మీకొకటి చూపిస్తాను. కుట్టుని అడ్డంగా కోసి, అద్దంలా అరగదీసి, యాసిడ్ రాసిన చిన్న ఉక్కు ముక్క. యాసిడ్ తగిలాక అసలు రేకు ఒక రంగులో, కరిగి గట్టిపడ్డది ఇంకో రంగులో, ఆ రెండింటి మధ్య వేడి తగిలిన సన్నటి పట్టీ మరో రంగులో కనిపిస్తాయి. తుప్పు పట్టకుండా నూనె రాసి, గుడ్డలో చుట్టి బీరువా పై అరలో పెట్టాను. భూతద్దం మాత్రం మీరే తెచ్చుకోవాలి.

మీ తాతయ్య