ఫిలిప్పీన్స్ సంస్కరణ రచయితలు: అపోహలు - వాస్తవాలు

ఆగ్నేయాసియా చరిత్ర పాఠాల్లో ఫిలిప్పీన్స్ దగ్గరికి వచ్చేసరికి మా విద్యార్థుల్లో చాలామందికి హోసే రిజాల్ పేరు ఒక్కటే తెలిసి ఉంటుంది. స్పెయిన్ పాలనలో సంస్కరణల కోసం కలం పట్టిన ఆ తరం గురించి నేను తరచూ వినే కొన్ని అపోహలు ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: వాళ్లు మొదటి నుంచీ స్వాతంత్ర్యం కోసం ఆయుధం పట్టమన్నారు.

లేదు. గ్రాసియానో లోపెజ్ హేనా 1889 ఫిబ్రవరి 15న బార్సిలోనాలో మొదలుపెట్టిన 'లా సోలిదారిదాద్' పక్షపత్రిక సంచికలు తిరగేస్తే, పదే పదే కనిపించేవి కొన్ని డిమాండ్లే. స్పెయిన్ పార్లమెంటులో ఫిలిప్పీన్స్‌కు ప్రతినిధులు కావాలి. చట్టం ముందు స్పెయిన్ వాడూ, ఫిలిపినో సమానం కావాలి. పత్రికలకు స్వేచ్ఛ ఉండాలి. విచారణ లేకుండా ద్వీపాంతరం పంపడం ఆగాలి. ఇందులో మొదటిది కొత్త కోరిక కూడా కాదు. అంతకుముందు కొన్నేళ్లు ఆ ప్రాతినిధ్యం ఉండేది, 1837లో తీసేశారు.

రిజాల్ అయితే 1896 డిసెంబర్ 15న, జైల్లో ఉండి కూడా, ఆ ఏడాది స్పెయిన్‌పై మొదలైన తిరుగుబాటును ఖండిస్తూ ప్రకటన రాశాడు. డిసెంబర్ 30న మనీలాలో ఆయన్ను కాల్చి చంపారు.

అపోహ: అయితే వాళ్లు పిరికివాళ్లు, దొరల దయ కోసం అర్జీలు పెట్టుకున్నవాళ్లు.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అర్జీ పెట్టడానికి అక్కడ ఎంత గుండె ధైర్యం కావాలో తెలియక అనే మాట ఇది.

1872లో మనీలా దగ్గరి కవిటె ఆయుధాగారంలో తిరుగుబాటు జరిగితే, ముగ్గురు క్రైస్తవ గురువులను అందులోకి లాగి ఫిబ్రవరి 17న మెడకు ఇనుప పట్టీ బిగించి బహిరంగంగా చంపారు. వాళ్లు గోమెజ్, బుర్గోస్, జమోరా. చర్చిల నిర్వహణ స్పెయిన్ సన్యాసుల చేతుల్లోంచి స్థానిక గురువులకు రావాలన్న వాదనకు బుర్గోస్ గట్టి గొంతు. రిజాల్ అన్న పాసియానో ఆయనకు సన్నిహితుడు. ఆ శిక్ష అమలైనప్పుడు రిజాల్‌కు పదేళ్లు. పెద్దయ్యాక తన రెండో నవల 'ఎల్ ఫిలిబుస్టెరిస్మో'ను ఆ ముగ్గురికే అంకితమిచ్చాడు.

ఊళ్లలో అసలు అధికారం ఈ సన్యాసులదే. చర్చి వాళ్లది, బడి వాళ్ల పర్యవేక్షణలో, చాలాచోట్ల భూమి కూడా వాళ్లదే. రిజాల్ సొంతూరు కలాంబా డొమినికన్ అనే క్రైస్తవ సన్యాసుల సంఘం ఎస్టేటు. కౌలు దగ్గర మొదలైన గొడవ కోర్టుకెక్కింది. చివరికి రిజాల్ కుటుంబంతో సహా రైతులను ఇళ్లలోంచి వెళ్లగొట్టారు. పాసియానోను మిందోరో దీవికి పంపేశారు. 1887లో బెర్లిన్‌లో మిత్రుడి దగ్గర అప్పు తీసుకుని అచ్చు వేయించిన మొదటి నవల 'నోలీ మె తాంహెరె'ను మనీలా సెన్సార్ సంఘం నిషేధించమంది.

ఇదే తరం రచయిత మార్సెలో డెల్ పిలార్ సంగతి మరీ బాధ. 1888లో సన్యాసులను దేశం నుంచి పంపేయాలంటూ మనీలాలో జనం ఊరేగింపుగా వెళ్లి ఇచ్చిన విజ్ఞాపన వెనక ఉన్నది ఈయనే. అదే ఏడాది అరెస్టు తప్పించుకోవడానికి భార్యాపిల్లల్ని వదిలి స్పెయిన్ వెళ్లాడు. 1889 చివరి నుంచి 'లా సోలిదారిదాద్' బరువంతా తనే మోశాడు. తిండికి కూడా కటకటలాడుతూ, క్షయతో 1896 జులై 4న బార్సిలోనాలో చనిపోయాడు. మళ్లీ పిల్లల ముఖం చూడలేదు. లోపెజ్ హేనా కూడా అదే ఊళ్లో, అదే జబ్బుతో, అదే ఏడాది జనవరిలో పోయాడు. వీళ్లను పిరికివాళ్లనడం అన్యాయం.

అపోహ: అంతా స్పానిష్‌లో రాశారు, మామూలు జనానికి చేరలేదు.

సగం నిజం. నవలలు, పత్రిక స్పానిష్‌లోనే వచ్చాయి. ఎందుకంటే వాళ్లు ఒప్పించాల్సింది మాడ్రిడ్‌ను. కానీ డెల్ పిలార్ మనీలా చుట్టుపక్కల జనం మాట్లాడే తగలాగ్ భాషలో అచ్చమైన రచయిత. ఊళ్లో కోడిపందేల దగ్గర, చావు ఇళ్లలో జాగారం చేసేచోట కూర్చుని సన్యాసుల దోపిడీ గురించి చెప్పేవాడు. నిత్యం చదివే ప్రార్థనల వరుసలోనే సన్యాసులను ఎండగడుతూ 'దసాలన్ అట్ తొక్సోహన్' రాశాడు. ప్రార్థన నోటికి వచ్చినవాడికి ఆ రచన అర్థం కావడానికి వేరే చదువు అక్కర్లేదు.

మలోలోస్ ఊరి అమ్మాయిల కథ మా క్లాసులో అందరికీ నచ్చుతుంది. 1888 డిసెంబర్‌లో 20 మంది, స్పానిష్ నేర్చుకోవడానికి రాత్రి బడి కావాలని నేరుగా గవర్నర్ జనరల్‌కే అర్జీ ఇచ్చారు. ఊరి స్పెయిన్ గురువు అడ్డుపడినా పట్టు వదల్లేదు. డెల్ పిలార్ అడిగితే, లండన్‌లో ఉన్న రిజాల్ వాళ్లను మెచ్చుకుంటూ తగలాగ్‌లో పెద్ద ఉత్తరం రాశాడు.

అపోహ: రిజాల్‌ను వీరుణ్ని చేసింది అమెరికా వాళ్లు.

స్పెయిన్ తర్వాత ఫిలిప్పీన్స్‌ను పాలించిన అమెరికా ప్రభుత్వం ఆయన పేరును బాగా వాడుకున్న మాట నిజమే. కానీ డిసెంబర్ 30ని సంతాప దినంగా 1898లోనే ప్రకటించింది ఫిలిపినో విప్లవ నాయకుడు అగినాల్దో ప్రభుత్వం.

అపోహ: సంస్కరణ ఉద్యమం విఫలమైంది, తర్వాత వచ్చిన విప్లవానికీ దానికీ సంబంధం లేదు.

అడిగినవి స్పెయిన్ ఇవ్వలేదు. డబ్బుల్లేక 1895 నవంబర్‌లో పత్రిక ఆగిపోయింది. ఇంతవరకు నిజం. అయితే రిజాల్ 1892 జులై 3న మనీలాలో స్థాపించిన 'లా లీగా ఫిలిపినా' సభ్యుల్లో ఆంద్రెస్ బోనిఫాసియో ఒకడు. మూడు రోజులకే రిజాల్‌ను అరెస్టు చేశారు. ఆయన్ను దూరాన మిందనావో దీవిలోని దపితాన్‌కు ప్రవాసం పంపుతున్నారని తెలియగానే, జులై 7న బోనిఫాసియో, మిత్రులు కలిసి, తర్వాత విప్లవం మొదలుపెట్టిన కటిపునాన్ రహస్య సంఘం పెట్టుకున్నారు. ఒక్క వారంలోపే జరిగిన ఈ మూడు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడమని విద్యార్థులకు చెబుతాను. శాంతియుత సంఘాన్ని కూడా బతకనివ్వని ప్రభుత్వమే రెండో దారి చూపించింది.

1899 జనవరిలో అదే మలోలోస్‌లో తొలి ఫిలిప్పీన్ రిపబ్లిక్ రాజ్యాంగం వెలువడింది. పత్రికా స్వేచ్ఛ అందులో ఉంది. చర్చికీ ప్రభుత్వానికీ సంబంధం ఉండకూడదని ఉంది. కోర్టు తీర్పు లేకుండా ఏ ఫిలిపినోనూ ఇల్లు, ఊరు వదిలి పొమ్మనకూడదని ఉంది. సన్యాసుల ఎస్టేట్లు ప్రభుత్వానివేనని కూడా రాసుకున్నారు.