కమాను కట్టకు రెండు కొలువులు

మెక్సికోలోని బాహా కాలిఫోర్నియా ద్వీపకల్పంలో 1967లో మొదలైన ఎడారి పందేన్ని ఇప్పుడు బాహా 1000 అంటున్నారు. దారి నిండా ఇసుక, రాళ్లు, ఎండిన వాగులు. వాటి మధ్య ఒకదాని వెనుక ఒకటిగా మట్టి అలలు. అగ్రశ్రేణి పోటీ వాహనాల వెనుక భాగంలో ఖరీదైన కాయిల్ స్ప్రింగులు, లింకులు కనిపిస్తాయి. పందేనికి ముందు దారి చూసి వచ్చే పికప్ ట్రక్కుల్లో మాత్రం చాలావాటికి మన లారీలకు ఉన్నట్టే కమాను కట్టలు, అంటే ఒకదాని మీద ఒకటి పేర్చిన వంపు ఉక్కు పట్టీల లీఫ్ స్ప్రింగులు, ఉంటాయి. వాటిని సరిగ్గా అమర్చితే ఆ అలల మీద ఆశ్చర్యపోయేంత బాగా పరుగెత్తుతాయి.

ఆఫ్‌రోడ్ అనగానే చాలామందికి బండిని ఎత్తు చేయాలనిపిస్తుంది. ఎత్తు చూడటానికి బాగుంటుంది, పెద్ద టైర్లు పట్టేందుకు చోటు ఇస్తుంది. అసలు లెక్క మాత్రం వేరు: చక్రం ఎంత పైకి, ఎంత కిందికి కదలగలదు, అలా కదులుతూ నేలను ఎంతసేపు వదలకుండా ఉండగలదు.

కాయిల్ స్ప్రింగు బరువు మోస్తే చాలు. ఇరుసు ముందుకు, వెనక్కి, పక్కకు జరగకుండా పట్టుకునే పని లింకులు చూసుకుంటాయి. కమాను కట్టకు ఆ వెసులుబాటు లేదు. బరువు మోయాలి, ఇరుసును చోటు కదలకుండా పట్టుకోవాలి, ఇంజిను తిప్పే బలానికి ఇరుసు మెలితిరగకుండానూ ఆపాలి. బరువు మోసే మొదటి కొలువుకు మెత్తదనం కావాలి, ఇరుసును కదలకుండా, మెలితిరగకుండా పట్టే రెండోదానికి బిగువు కావాలి. ఈ అమరికలో వచ్చే చిక్కులన్నీ ఈ రెంటి పేచీలోంచి పుట్టినవే.

మెత్తదనం సంగతి ముందు చూద్దాం. పట్టీ గట్టిదనం దాని మందానికి ఘనంగా పెరుగుతుంది. మందం రెట్టింపైతే గట్టిదనం ఎనిమిది రెట్లు. అంటే 10 మిల్లీమీటర్ల పట్టీ ఒక్కటి తీసేస్తే, అదే గట్టిదనానికి 5 మిల్లీమీటర్ల పట్టీలు ఎనిమిది పెట్టాలి. బరువు నాలుగింతలవుతుంది కదా, ఎందుకీ తంటా? ఒకే వంపుకు పలుచని పట్టీ పైపొరలో పుట్టే ఒత్తిడి సగమే. కాబట్టి విరగకుండా రెట్టింపు దూరం వంగగలదు. ఎడారి ట్రక్కుల కట్టల్లో పలుచని పట్టీలు పదికి పైగా కనిపించడానికి కారణం ఇదే. పట్టీల సంఖ్య చూసి గట్టిదనం అంచనా వేసేవారు ఇక్కడే బోల్తా పడతారు.

పొడవుదీ ఇలాంటి లెక్కే, కాకపోతే తలకిందులు. పట్టీ పొడవు నాలుగోవంతు పెరిగితే గట్టిదనం దాదాపు సగానికి పడిపోతుంది. అమెరికాలో చిన్న పికప్‌ల వెనుక షెవర్లే పెద్ద పికప్‌ల 63 అంగుళాల కమాన్లు బిగించుకునే అలవాటు అందుకే స్థిరపడింది. వాటికోసం ఛాసిస్ మీద కొత్త బ్రాకెట్లు వెల్డింగ్ చేస్తారు. చౌకలో ఎక్కువ కదలిక దొరికే దారి అది.

పట్టీల సంఖ్య పెరిగితే రాపిడి పెరుగుతుంది. లావు పుస్తకాన్ని వంచితే కాగితాలు ఒకదాని మీద ఒకటి జారినట్టే, కట్ట వంగినప్పుడు పట్టీలు జారతాయి. ఆ రాపిడి ఊపును కొంత తగ్గిస్తుంది గానీ, చిన్న గతుకుల దగ్గర కట్టను బిగుసుకుపోయేలా చేస్తుంది. పట్టీల కొసల మధ్య జారుడు ప్లాస్టిక్ ముక్కలు పెట్టేది అందుకే.

ఇక ఊపు. బండి తన బరువుతో స్ప్రింగును 25 సెంటీమీటర్లు నొక్కితే సెకనుకు దాదాపు ఒక్కసారి ఊగుతుంది. 6 సెంటీమీటర్లే నొక్కితే సెకనుకు రెండుసార్లు. పికప్ కట్టలను టన్ను సరుకు దృష్టిలో పెట్టుకుని చేస్తారు గనుక, ఖాళీగా ఉన్నప్పుడు వెనుక భాగం కుదిపేస్తుంది. ఎత్తు కోసం అదనంగా మరో మందపాటి పట్టీ దూర్చడం నాకు నచ్చని ఉపాయం. వెనుక భాగం లేస్తుంది, ఖాళీ బండి మరింత ఎగురుతుంది, చక్రం కిందికి దిగే దూరం తగ్గుతుంది. ఎప్పుడూ డేరా, నీళ్ల పీపాలు, అదనపు ఇంధనం మోసేవారికైతే అది సబబే.

ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మ పెట్టి ఎత్తు పెంచే పద్ధతి మరొకటి. ఇక్కడ రెండో కొలువు దెబ్బతింటుంది. యాక్సిలరేటర్ తొక్కగానే చక్రం ఒకవైపు తిరిగితే ఇరుసు గొట్టం ఎదురువైపు తిరగబోతుంది, పినియన్ ముక్కు (ప్రొపెల్లర్ షాఫ్ట్ వచ్చి ఇరుసుకు కలిసే ముందు కొస) పైకి లేస్తుంది, కట్ట మెలితిరుగుతుంది. పట్టు తప్పగానే వెనక్కి విదిలిస్తుంది, మళ్లీ మెలిపడుతుంది. బండి వెనుక భాగం దడదడలాడుతుంది, ఒక్కోసారి ప్రొపెల్లర్ షాఫ్ట్ కీలులోని క్రాస్ విరుగుతుంది. దిమ్మ ఎంత ఎత్తైతే మెలికకు అంత బలం. చాలా బండ్లలో ఇరుసును కట్టకు సరిగ్గా నడుమ పెట్టకుండా కాస్త ముందుకు పెడతారు. ముందు సగం పొట్టిగా, గట్టిగా ఉండి మెలికను కొంత ఆపుతుంది. అదీ చాలకపోతే ఇరుసు నుంచి ఛాసిస్‌కు ఒక కడ్డీ వేస్తారు. పినియన్ ముక్కును ముందే ఒకటి రెండు డిగ్రీలు కిందికి వంచి పెట్టడం కూడా మామూలే, తొక్కినప్పుడు అది పైకి లేచి గేరుబాక్సు షాఫ్టుకు సమాంతరంగా వస్తుంది.

వెనుక కొసను ఛాసిస్‌కు కలిపే షాకిల్‌ను తక్కువగా చూడకూడదు. కమాను చదునైతే పొడవవుతుంది, ఆ పొడవుకు చోటిచ్చేది షాకిలే. బండి తన బరువు మీద నిలబడినప్పుడు షాకిల్ అడుగు కొంచెం వెనక్కి వాలి ఉండాలి. ముందుకు వాలితే గుంత తగిలిన క్షణాన కట్ట వంగే బదులు షాకిల్‌ను ఛాసిస్‌లోకి నెడుతుంది. చక్రం పూర్తిగా వేలాడినప్పుడు షాకిల్ తిరగబడకూడదు, పూర్తిగా నొక్కుకున్నప్పుడు ఛాసిస్‌ను తాకకూడదు.

బిగింపులో జనం పొరబడే చోటు కట్ట మధ్యలోని సెంటర్ బోల్టు. ఇరుసును అది పట్టుకుంటోందని అనుకుంటారు. నిజానికి అది పట్టీలను వరుసలో ఉంచి చోటు చూపిస్తుంది, అంతే. పట్టుకునేది ఇరుసును, కట్టను కలిపి చుట్టే యూ బోల్టుల బిగింపు వల్ల పుట్టే రాపిడి. అవి వదులైతే భారమంతా సెంటర్ బోల్టు మీద పడి అది తెగుతుంది, ఇరుసు పక్కకు జరుగుతుంది. బిగించాక కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి మళ్లీ బిగించాలి. సాగిన పాత యూ బోల్టులు మళ్లీ వాడకపోవడమే మంచిది. కట్ట కొసల కన్నాల్లో ఉండే రబ్బరు బుష్‌ల బోల్టులనేమో చక్రాలు నేల మీద ఆనాకే బిగించాలి. గాల్లో వేలాడుతుండగా బిగిస్తే, బండి దింపగానే రబ్బరు మెలిపడి ఆ మెలికలోనే ఉండిపోయి త్వరగా చిరుగుతుంది.

దిగిపోయిన పట్టీని మంటతో కాల్చి వంపు తెచ్చే పద్ధతిని చూసి నేను భయపడతాను. స్ప్రింగు ఉక్కుకు బలం వచ్చేది చల్లార్చి, మళ్లీ కొలతగా వేడిచేసే ప్రక్రియతో. టార్చి మంట తగిలిన చోట ఆ గుణం పోతుంది. వేల గతుకుల్లో లాగుడు పడే వైపు ఉపరితలం మీద పుట్టే సన్నని చీలికతోనే పట్టీ విరుగుతుంది. అందుకే కర్మాగారాల్లో ఆ వైపు చిన్న ఉక్కు గుండ్లతో కొట్టి, ఉపరితలాన్ని ముందే లోపలికి నొక్కుకుని ఉండేలా చేస్తారు. సుత్తితో చల్లగానే వంపు తెచ్చే పాత పద్ధతి దీనికంటే చాలా నయం.

షాక్ అబ్జార్బర్లు కొనేది మాత్రం చివర్లో. ముందు అవి లేకుండా చక్రాన్ని జాకీతో బంప్ స్టాప్ (ఇరుసు మరీ పైకి రాకుండా ఆపే దిమ్మ) తాకేదాకా ఎత్తి, తర్వాత పూర్తిగా వేలాడదీసి కొలవాలి. షాక్ అబ్జార్బరు పూర్తిగా నొక్కుకుపోయేలోపు బంప్ స్టాప్ తాకాలి, అది పూర్తిగా సాగేలోపు ఇరుసును ఛాసిస్‌కు కట్టిన బెల్టు తాడు ఆపాలి. షాక్ అబ్జార్బర్లలో ఒకదాన్ని ఇరుసుకు ముందు, రెండోదాన్ని వెనుక బిగిస్తే దడదడ ఇంకొంత తగ్గుతుంది. చక్రం వేలాడుతుండగానే బ్రేకు గొట్టం బిగుసుకుందేమో, ప్రొపెల్లర్ షాఫ్ట్ జారే కొస ఊడివచ్చేలా ఉందేమో చూడాలి. ఆ రెండింటి పొడవు చాలకపోతే కొత్త కమాన్లను ఇంకా కొంత కాలం పక్కన పెట్టి, ముందు ఆ గొట్టాన్నీ షాఫ్టునూ పొడవు చేయించుకోవాలి.