కాలనీ పక్కన కాంప్లెక్స్: నేను రోజూ వినే అపోహలు, వాటి వెనక వాస్తవాలు

హైదరాబాద్‌లో భవనాల ప్లాన్లు గీసి, అనుమతులకు పెట్టడం నా పని. బిల్డర్లూ వస్తారు, అదే బిల్డర్ల మీద ఫిర్యాదు పట్టుకుని కాలనీ అసోసియేషన్ల వాళ్లూ వస్తారు. రెండోవాళ్లు దాదాపు ఎప్పుడూ ఆలస్యంగానే వస్తారు, సెల్లార్ గుంత తవ్వేశాక. చేతిలో బోలెడన్ని సంతకాలున్న కాగితం ఉంటుంది. ప్లాన్ కాపీ మాత్రం ఉండదు.

అపోహ: అందరం సంతకాలు పెడితే కాంప్లెక్స్ కట్టడం ఆపేస్తారు.

వాస్తవం: మాస్టర్ ప్లాన్‌లో ఆ సర్వే నంబరు ఏ జోన్‌లో ఉంది, ముందున్న రోడ్డు ఎంత, సెట్‌బ్యాక్‌లు (భవనం చుట్టూ ఖాళీ స్థలం) వదిలారా, పార్కింగ్ చూపించారా... అనుమతి ఇచ్చేవాళ్లు చూసేవి ఇవి. "మా ప్రశాంతత పోతుంది" అని రాస్తే దాన్ని ఏ గడిలో నింపాలో వాళ్లకు తెలియదు. అదే "ప్లాన్‌లో 40 అడుగుల రోడ్డు చూపించారు, టేపు పెట్టి కొలిస్తే 32 ఉంది" అని ఫొటోలతో రాసిస్తే జవాబు చెప్పక తప్పదు. 2012 బిల్డింగ్ రూల్స్‌లో భవనం ఎత్తుకు రోడ్డు వెడల్పుతో ముడి ఉంది. అందుకే ముందు టేపు కొనమంటాను. ప్లాన్ కాపీ కోసం సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెడితే 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి.

అపోహ: మాది రెసిడెన్షియల్ జోన్, షాపు అన్నదే రాకూడదు.

వాస్తవం: రెసిడెన్షియల్ జోన్‌లోనూ చిన్న దుకాణాలు, క్లినిక్కుల లాంటివాటికి రోడ్డు వెడల్పును బట్టి వీలుంటుంది. మెయిన్ రోడ్డును వాణిజ్య రహదారిగా ప్రకటించి ఉంటే, ఆ రోడ్డు మీదికి ఉన్న ప్లాట్లలో ఇంపాక్ట్ ఫీజు అనే అదనపు రుసుము కట్టి కమర్షియల్ కట్టుకోవచ్చు. అంతమాత్రాన వెనక ఉన్న మీ సందు కమర్షియల్ అయిపోదు. ముందు ప్లాటు, వెనక ప్లాటు కలిపేసి మీ సందులోకి గేటు తెరిచారా అన్నది చూసుకోవాలి. నేను చూసిన గొడవల్లో సగం ఆ వెనక గేటు దగ్గర పుట్టినవే. సరుకు ఆటోలు, డెలివరీ బైకులు, చెత్త డబ్బాలు అన్నీ అటే వస్తాయి.

ఇంకో మాట కూడా చెప్పాలి, కోపం వచ్చినా సరే. ఒకసారి కాంప్లెక్స్ మీద ఫిర్యాదు రాయించుకోవడానికి నలుగురు వచ్చారు. అందులో ఇద్దరు తమ ఇంటి కింది అంతస్తు హాస్టల్‌కు అద్దెకిచ్చినవాళ్లే. అవతలివాళ్ల వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

అపోహ: పెద్ద మాల్ అయితే పబ్లిక్ హియరింగ్ పెడతారు, అప్పుడు చూసుకుందాం.

వాస్తవం: పెట్టరు. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు, ఆపైన ఉంటే 2006 ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం పర్యావరణ అనుమతి కావాలి. కానీ భవనాలకు ప్రజాభిప్రాయ సేకరణ నుంచి మినహాయింపు ఇచ్చారు. మీ మాట చెల్లేది భూ వినియోగ మార్పిడి దగ్గర. రెసిడెన్షియల్ భూమిని కమర్షియల్‌గా మార్చాలంటే పేపర్లో ప్రకటన వేసి అభ్యంతరాలు అడగాలి. గడువు కొద్ది రోజులే. ప్రకటనలో సర్వే నంబర్లుంటాయి, మీ కాలనీ పేరు వెతికితే కనబడకపోవచ్చు. కాలనీలో రోజూ పేపరు పూర్తిగా చదివే రిటైర్డ్ మేష్టారు ఒకరుంటారు కదా, ఆయనకు మీ సర్వే నంబర్లు రాసివ్వండి.

అపోహ: పార్కు స్థలం ఖాళీగా పడి ఉంటే ఆసుపత్రికో దేనికో ఇచ్చేయొచ్చు.

వాస్తవం: బెంగళూరులో పార్కుకు వదిలిన స్థలాన్ని ప్రైవేటు నర్సింగ్ హోమ్‌కు కేటాయిస్తే చుట్టుపక్కలవాళ్లు కోర్టుకెళ్లారు. 1991లో సుప్రీంకోర్టు వాళ్ల పక్షానే తీర్పిచ్చింది. బెంగళూరు మెడికల్ ట్రస్ట్ కేసు అంటారు.

అపోహ: కట్టేశారు, పన్ను కూడా కడుతున్నారు, ఇంకేం చేయలేం.

వాస్తవం: పన్ను రసీదు అనుమతి పత్రం కాదు. మీరట్‌లో ఇళ్లకని కేటాయించిన ప్లాటులో దుకాణాలు కట్టి ఏళ్ల తరబడి నడిపారు. వాటిని కూల్చేయాలన్న ఆదేశాన్ని 2024 డిసెంబరు 17న సుప్రీంకోర్టు సమర్థించింది. అదే తీర్పులో, నిర్మాణం జరిగేచోట ఆమోదం పొందిన ప్లాన్ కనబడేలా పెట్టాలనీ, అక్రమ భవనంలో వ్యాపారానికి లైసెన్సు ఇవ్వకూడదనీ ఆదేశించింది.

మన దగ్గర అసలు పట్టు ఓసీ దగ్గర ఉంది, అంటే కట్టడం పూర్తయ్యాక మున్సిపాలిటీ ఇచ్చే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ దగ్గర. చిన్న ప్లాట్లను వదిలేస్తే, బిల్డర్ విస్తీర్ణంలో 10 శాతం మున్సిపాలిటీకి మార్ట్‌గేజ్ చేయాలి. ఓసీ వచ్చాకే అది విడుదలవుతుంది. కాబట్టి ప్లాన్‌కు భిన్నంగా కట్టింది ఏదైనా ఉంటే ఓసీకి ముందే రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి. ముఖ్యంగా సెల్లార్ చూడండి. జీహెచ్‌ఎంసీ పరిధిలో మామూలు కమర్షియల్ భవనానికి నిర్మాణ విస్తీర్ణంలో 40 శాతం పార్కింగ్ చూపించాలి. కాగితం మీద ఉంటుంది. ఏడాది తిరిగేసరికి అక్కడ గోదామో ల్యాబో వెలుస్తుంది, కార్లు మీ గేటు ముందుకు వస్తాయి. ఆ 40 శాతం ఎక్కడ గీశారో ప్లాన్ కాపీ చేతిలో ఉంటేనే చూపించగలరు.

అపోహ: సెల్లార్ తవ్వితే పక్క ఇంటి గోడ బీటలివ్వడం మామూలే.

వాస్తవం: కాదు. హద్దు నుంచి కొంత దూరం వదిలి, మట్టి జారకుండా కట్టుదిట్టం చేసి తవ్వాలి. తవ్వకం మొదలవకముందే మీ గోడలు, ప్రహరీ, సంపు ఫొటోలు తేదీతో తీసి పెట్టుకోండి. తర్వాత "ఆ బీట పాతదేనండీ" అంటారు. కాదని చెప్పడానికి ఇంకే ఆధారమూ ఉండదు.

అపోహ: ఇళ్ల రేట్లు పడిపోతాయి.

వాస్తవం: అందరివీ పడవు. కాంప్లెక్స్ జనరేటర్‌కు ఆనుకుని ఉన్న ఇల్లు అమ్ముడుపోవడం మాత్రం కష్టం. నివాస ప్రాంతంలో శబ్దం పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి నిబంధనలు చెబుతున్నాయి. కానీ జనరేటర్ ఎక్కడ పెడుతున్నారో ముందే అడగాలి. దిమ్మె పోశాక జరపమంటే నా క్లయింట్లలో ఒక్కరే ఒప్పుకున్నారు. అదీ పక్కిల్లు ఆయన అత్తగారిది కాబట్టి.